ముందు గ్రాఫు చూడు, తర్వాతే నెంబర్లు

బిడ్డా,

భూపాలపల్లిలో మీ ఆసుపత్రికి స్పైరోమీటరు (గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల గాలి కొలిచే మిషన్) వచ్చిందని విని చాలా సంతోషమైంది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాళ్లు, చిన్నప్పటి నుంచి బీడీలు తాగినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు బతుకంతా వంట చేసిన ఆడవాళ్లు, అందరూ నీ దగ్గరికి ఆయాసమనే వస్తారు. రిపోర్టు అడుగున మిషన్ అచ్చేసే ఆ ఒక్క లైను చూసి జబ్బు పేరు రాసెయ్యకు. రోగి ఎట్ల ఊదిండో మిషన్‌కు తెలియదు, పక్కన నిలబడ్డ నీకే తెలుస్తుంది.

అందుకే ముందు గ్రాఫు చూడు. ఊదడం మొదలుపెట్టగానే గీత నిటారుగా లేవాలి, మొదటి సెకనులో దగ్గు ఉండొద్దు, చివరికి గీత చదునయ్యేదాకా ఊదాలి. సీఓపీడీ (పొగ, దుమ్ముతో గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) ఉన్నవాళ్లకు అది ఆరు సెకన్లు దాటినా పడుతుంది. పళ్లు లేని ముసలమ్మకు మౌత్‌పీస్ చుట్టూ పెదవులు సరిగ్గా మూసుకోవు, గాలి పక్కనుంచి పోతుంది. వేలితో చూపించి, నువ్వే ఒకసారి ఊది చూపెట్టు. కనీసం మూడు మంచి ఊదుళ్లు రావాలి. వాటిలో మేలైన రెండింటికి తేడా 150 మిల్లీలీటర్లు మించొద్దు.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఒకాయనకు ఎఫ్‌ఈవీ1, అంటే మొదటి సెకనులో ఊదిన గాలి, 1.40 లీటర్లు, పూర్తిగా ఊదితే ఎఫ్‌వీసీ, అంటే మొత్తం ఊదిన గాలి, 2.50 లీటర్లు అనుకో. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నిష్పత్తి 0.56, అది 0.70 కన్నా తక్కువ కాబట్టి గాలి గొట్టాల్లో అడ్డంకి ఉన్నట్టే. అదే మనిషి రెండు సెకన్లకే ఆపేస్తే ఎఫ్‌వీసీ 1.95 దగ్గరే ఆగుతుంది, నిష్పత్తి 0.72 అవుతుంది. జబ్బున్న మనిషికి "అడ్డంకి లేదు" అని రాసి ఇంటికి పంపుతాం.

సీఓపీడీ అనాలంటే మందు పీల్చాకే నిష్పత్తి 0.70 కన్నా తక్కువ ఉందా అని చూడాలి. స్పేసర్‌తో (మందు పీల్చే గొట్టంతో) గాలి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు ఇచ్చి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదించు. ఓపీలో రద్దీ ఉందని ఈ పదిహేను నిమిషాలు కోసెయ్యకు. నిష్పత్తి 0.60కీ 0.80కీ మధ్య వస్తే ఇంకో రోజు పిలిచి మళ్లీ చెయ్. వయసు కూడా చూడు. డెబ్బై అయిదేళ్ల మనిషికి 0.68 ఆ వయసుకు మామూలే కావచ్చు, ముప్పై ఏళ్లవాడికి 0.71 కూడా తక్కువే కావచ్చు.

మందుకు ఎఫ్‌ఈవీ1 1.00 లీటరు నుంచి 1.15కి పెరిగితే పదిహేను శాతమని మురిసిపోతారు, కానీ పెరిగింది 150 మిల్లీలీటర్లే. పాత లెక్కలో 12 శాతం, దాంతోపాటు 200 మిల్లీలీటర్లు, రెండూ దాటాలి. 2022 నుంచి వచ్చిన కొత్త లెక్కలో, ఆ మనిషి వయసుకూ ఎత్తుకూ ఉండాల్సిన విలువలో పది శాతం కన్నా ఎక్కువ పెరగాలి. ఏ లెక్కైనా, పెరిగింది కాబట్టి ఆస్తమానే, పెరగలేదు కాబట్టి సీఓపీడీనే అనుకోవద్దు. చిన్నప్పటి నుంచి పిల్లికూతలు ఉన్నాయా, ఆయాసం రోజురోజుకీ మారుతుందా అని అడుగు.

ఎత్తు నోటిమాటగా రాసుకోకు, చెప్పులు విప్పించి కొలువు. మిషన్‌లో యూరప్ వాళ్ల లెక్కలు పెట్టి ఉంటే మనవాళ్ల ఎఫ్‌వీసీ ఊరికే తక్కువ చూపిస్తుంది. నిష్పత్తి బాగుండి ఎఫ్‌వీసీ మాత్రం తగ్గితే ఊపిరితిత్తులు బిగుసుకున్నాయని ఖాయం చేయలేం, దానికి మొత్తం గాలి పరిమాణం కొలిచే పరీక్ష కావాలి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో చేసినవాళ్లు, టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఇట్ల కనబడితే ఎక్స్‌రే తప్పనిసరి.

రెండు వారాలకు మించి దగ్గుంటే ఊదించక ముందే టీబీ కోసం తెమడ పరీక్ష చేయించు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లను, కంటి ఆపరేషన్ అయినవాళ్లను ఊదించొద్దు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపేటప్పుడు గ్రాఫు కాగితం కూడా జతచెయ్. బీడీలు, పొయ్యి, బాయి పని ఎన్నేళ్లో పైన నీ చేత్తో రాయి.