అమీ బ్రాడ్లీ ఏమైంది? ఆ అరగంట మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: 2025లో వచ్చిన డాక్యుమెంటరీ చూసినప్పటి నుంచి అమీ బ్రాడ్లీ కేసు బుర్రలోంచి పోవడం లేదండీ. ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతున్నారు. అసలు కచ్చితంగా తెలిసిందేమిటి?

జవాబు: కచ్చితంగా తెలిసింది చాలా తక్కువ, అందుకే కథలు ఎక్కువ. 1998 మార్చిలో వర్జీనియాకు చెందిన 23 ఏళ్ల అమీ, అమ్మానాన్నలు, తమ్ముడితో కలిసి ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో 'రాప్సడీ ఆఫ్ ద సీస్' అనే క్రూయిజ్ షిప్ ఎక్కింది. మార్చి 23 రాత్రి షిప్ కరీబియన్ సముద్రంలోని అరూబా దీవి నుంచి కురసావ్ దీవికి బయల్దేరింది. అక్కాతమ్ముళ్లిద్దరూ డాన్స్ క్లబ్‌లో చాలాసేపు గడిపారు. తమ్ముడు 3:35కి, అమీ ఆ తర్వాత 5 నిమిషాలకు క్యాబిన్‌కు వచ్చినట్టు తలుపు రికార్డులో ఉంది. తెల్లవారుజామున 5:15, 5:30 మధ్య నాన్నకు మెలకువ వచ్చి చూస్తే, బాల్కనీ కుర్చీలో పడుకున్న కూతురి కాళ్లు కనిపించాయి. ఉందిలే అనుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. 6 గంటలకు లేచేసరికి ఆమె లేదు, సిగరెట్లూ లైటరూ లేవు. అంతే, ఆ తర్వాత ఆ కుటుంబానికి అమీ మళ్లీ కనిపించలేదు. తెలిసినదంతా ఆ కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ తండ్రి ఆ ఒక్క క్షణాన్ని ఎన్ని వేలసార్లు తలుచుకుని ఉంటాడో ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

ప్రశ్న: మద్యం తాగి ఉంది, బాల్కనీ ఎనిమిదో డెక్‌లో ఉంది. సముద్రంలో పడిపోయిందని ఒప్పుకోవడానికి ఇంత రాద్ధాంతం దేనికి?

జవాబు: పడిపోయి ఉండొచ్చు, కాదనను. ఆ ఎత్తు నుంచి నీళ్లలో పడితే దెబ్బకే స్పృహ పోవచ్చు, కాబట్టి ఆమె లైఫ్‌గార్డ్ శిక్షణ తీసుకున్న మంచి ఈతగత్తె అన్నది అక్కడ పనికొచ్చే వాదన కాదు. సముద్రంలో మనిషి దొరకకపోవడం కూడా వింతేమీ కాదు. నాలుగు రోజులు హెలికాప్టర్లతో వెతికినా ఏ ఆనవాలూ చిక్కలేదు. కానీ పడిపోయిందనడానికి కూడా రుజువు లేదు కదా. ఎవరూ చూడలేదు, ఎవరూ కేక వినలేదు. సిగరెట్లు, లైటర్ తీసుకుని బయటికి నడిచి వెళ్లిందన్న వాదనకూ అంతే బలం ఉంది.

నన్ను నిలదీసి అడిగితే నాకు అసలు బాధ ఏ వాదన మీదా కాదు, ఆ ఉదయం షిప్ మీద జరిగిన దాని మీద. షిప్ కురసావ్ చేరింది. కూతురు కనిపించడం లేదు, దయచేసి ఎవర్నీ దిగనివ్వకండి అని తల్లిదండ్రులు బతిమాలుకున్నారు. అయినా జనం దిగే దారి, గ్యాంగ్‌వే దించేశారు. ఆమె పేరు మైకులో పిలిచేసరికి 7:50 అయింది, అప్పటికే చాలామంది దిగిపోయారు. షిప్‌లో పూర్తిగా వెతకడం మధ్యాహ్నం దాటాక. ఆ రెండు మూడు గంటలు షిప్‌ను అలాగే ఆపేసి, ప్రతి క్యాబిన్ తలుపూ తీసి చూసి ఉంటే కనీసం ఆమె షిప్‌లో లేదనైనా, ఎవరితోనూ కిందికి దిగలేదనైనా గట్టిగా చెప్పగలిగేవాళ్లు. అప్పుడు ఇన్ని వాదనల్లో సగం పుట్టేవే కావు!

ప్రశ్న: ఆత్మహత్య అయ్యుండొచ్చు కదా?

జవాబు: కొత్త ఉద్యోగంలో చేరబోతోంది, కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారింది. ఉత్తరం లేదు, మాట లేదు. అలాంటి సూచన ఏదీ లేనప్పుడు ఆ మాట ఆ అమ్మాయి మీద వేయడం నాకిష్టం లేదు.

ప్రశ్న: తర్వాత చాలామంది ఆమెను చూశామన్నారు. అవన్నీ అబద్ధాలేనా? నాకైతే ఎవరో ఎత్తుకుపోయారనే అనిపిస్తోంది.

జవాబు: అన్నీ అబద్ధాలనను, కానీ అన్నీ ఒకే తూకం కావు. అదే 1998 ఆగస్టులో కురసావ్ బీచ్‌లో ఇద్దరు మగవాళ్లతో ఒక యువతిని చూశానని ఒక కెనడా పర్యాటకుడు చెప్పాడు. ఆమె తనతో ఏదో చెప్పబోయినట్టనిపించిందట. టాటూలు కూడా గుర్తుపట్టానన్నాడు. అమీ టాటూలు అంత మామూలువి కావు: భుజం మీద బాస్కెట్‌బాల్ తిప్పుతున్న టాస్మేనియన్ డెవిల్ అనే కార్టూన్ జంతువు బొమ్మ, నడుము వెనక సూర్యుడు, చీలమండ మీద చైనా అక్షరం, బొడ్డు దగ్గర బల్లి. ఇన్నింటిలో రెండు కలిసినా తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే అతను అది అమీ అని అనుకున్నది తర్వాత టీవీలో కేసు చూశాకే. మనం ఒకసారి ఫొటో చూశామంటే పాత జ్ఞాపకంలోకి ఆ ముఖం దానంతటదే వచ్చి కూర్చుంటుంది, అందులో అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఏమీ ఉండదు.

1999లో కురసావ్‌లోని ఒక వ్యభిచార గృహంలో ఒక యువతి 'నా పేరు అమీ బ్రాడ్లీ, నన్ను కాపాడండి' అందని ఒక అమెరికన్ నావికుడు చెప్పాడు. అక్కడికి వెళ్లినందుకు ఉద్యోగానికి ముప్పు వస్తుందని వెంటనే నోరు విప్పలేదట. అది నిజమే అయితే ఇంతకన్నా ఘోరం ఉందా? 2005లో బార్బడోస్ నుంచి మరో కబురు వచ్చింది. ఏదీ రుజువు కాలేదు. ఆ రాత్రి ఆమెతో డాన్స్ చేసిన షిప్ బ్యాండ్ సభ్యుడి మీద అనుమానాలు వచ్చాయి, ప్రశ్నించారు, కానీ అతని మీద ఏ నేరారోపణా లేదు. కాబట్టి దయచేసి దోషి అతనే అన్నట్టు రాయకండి.

మరో సంగతి కూడా చెప్పాలి. అమీ ఎక్కడుందో నాకు తెలుసు, నా మనుషులు విడిపించుకొస్తారు అని ఒక మోసగాడు ఈ కుటుంబం దగ్గర, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ దగ్గర కలిపి దాదాపు 2,10,000 డాలర్లు లాగాడు. అంతా కట్టుకథ. 2002లో నేరం ఒప్పుకున్నాడు. ఆశ పెట్టుకున్నవాళ్ల మీదే ఇలాంటివాళ్ల కన్ను పడుతుంది.

ప్రశ్న: ఇప్పుడు ఇలా జరిగితే పరిస్థితి మెరుగ్గా ఉంటుందా?

జవాబు: కొంత. నడిసముద్రంలో షిప్ మీద మామూలుగా ఆ షిప్ ఏ దేశపు జెండాతో తిరుగుతుందో ఆ దేశపు చట్టం నడుస్తుంది, రేవుకు వచ్చాక ఆ రేవు ఉన్న దేశం కూడా కలుస్తుంది. అందుకే ఎవరి బాధ్యతో తేలక సమయం జారిపోతుంది. ఇలా పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు పట్టుబట్టి పోరాడితే అమెరికా 2010లో క్రూయిజ్ షిప్‌ల భద్రతా చట్టం తెచ్చింది. రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు ఉండాలి. అమెరికా రేవుల్లో ఎక్కించుకునే, దించే షిప్‌లలో అమెరికా పౌరులెవరైనా కనిపించకుండా పోతే ఎఫ్‌బీఐకి చెప్పాలి. మనిషి నీళ్లలో పడగానే పట్టే లేదా ఫొటో తీసే పరికరాల గురించి కూడా అందులో ఉంది, కానీ 'సాంకేతికత అందుబాటులో ఉన్నంత మేరకు' అని ఒక మాట చేర్చారు. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని క్రూయిజ్ కంపెనీలు ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చాయి. అలాంటి పరికరం ఆ బాల్కనీ కింద ఉండి ఉంటే, పడిందో లేదో అదే రోజు తేలిపోయేది.

ప్రశ్న: ఇన్నేళ్లయినా ఆ తల్లిదండ్రులు ఆమె బతికే ఉందంటున్నారు. ఎవరైనా వాళ్లకు నచ్చజెప్పకూడదా?

జవాబు: ఏమని చెబుతారు? 2010లో చట్టప్రకారం ఆమె చనిపోయినట్టే ప్రకటించారు, కానీ ఎఫ్‌బీఐ కేసు మూసేయలేదు, ఆచూకీ చెప్పినవారికి 25,000 డాలర్లు ఇస్తామని ఇప్పటికీ ప్రకటన ఉంది. ఇప్పుడు ఆమె వయసు ఐదు పదులు దాటి ఉంటుంది. వయసు పెరిగితే ముఖం ఎలా ఉంటుందో బొమ్మలు గీయించారు, టాటూల వివరాలు మాత్రం అప్పటివే.