రాబిన్ అంటే తక్కువా?

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు, పాపకి ఎనిమిది. వాడికి బ్యాట్‌మ్యాన్ అంటే పిచ్చి. చెల్లి 'నేనూ ఆడతా' అంటే 'అయితే నువ్వు రాబిన్‌వి' అంటాడు. 'ఎప్పుడూ నేనే పక్కన ఉండాలా' అని అది ఒకటే ఏడుపు. అసలు అంతటి హీరోకి పక్కన ఇంకో పిల్లాడు దేనికండీ? ఇద్దరూ కొట్టుకోకుండా ఆడుకునే ఆట ఏదైనా ఉందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ముందు పాపని దగ్గరకు తీసుకోండమ్మా. ఆ ఏడుపు మా ఇంట్లోనూ విన్నాను.

1994లో మా మావయ్య మస్కట్ నుంచి సెగా మెగా డ్రైవ్ అనే వీడియోగేమ్ మెషిన్ తెచ్చాడు. అందులో 'సోనిక్' ఆట రెండో భాగం. పెద్దదాన్ని కాబట్టి మొదటి కంట్రోలర్ నాది, సోనిక్ నేను. రెండోది తమ్ముడికి. వాడు రెండు తోకల నక్కపిల్ల, టెయిల్స్. ఆ ఆటలో తెర సోనిక్ వెంటే పరిగెడుతుంది. టెయిల్స్ వెనకబడితే కనపడకుండా పోతాడు, కాసేపటికి తోకలు ఫ్యాన్‌లా తిప్పుకుంటూ పైనుంచి ఎగిరొస్తాడు. వాడు మాయమైనంతసేపూ తమ్ముడు తెరకేసి గుడ్లప్పగించి బటన్లు నొక్కుతూనే ఉండేవాడు.

కొన్నాళ్లకి ఓ సంగతి కనిపెట్టింది వాడే. సోనిక్‌కి ప్రాణాలు లెక్క. టెయిల్స్ ఎన్నిసార్లు పడ్డా ఏమీ తగ్గదు. అంతే, ఆ ఆటలో విలన్ డాక్టర్ రోబోట్నిక్ తన యంత్రమేసుకుని వచ్చినప్పుడల్లా 'నువ్వు ఆ మూల నిలబడక్కా, నేను చూసుకుంటా' అనేవాడు. ఆ యంత్రాల్లో చాలావాటికి ఎనిమిది దెబ్బలు పడాలి. ఎనిమిదీ వాడే కొట్టిన రోజు అన్నం కూడా తినకుండా ఇల్లంతా గంతులేశాడు.

ఇక రాబిన్ సంగతి. బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టినప్పుడు ఒంటరివాడు. కథలు రాసే బిల్ ఫింగర్‌కి అదే చిక్కొచ్చింది: హీరో మనసులో మాట ఎవరితో చెప్పాలి? షెర్లాక్ హోమ్స్‌కి వాట్సన్ ఉన్నట్టు ఇతనికీ ఒకడు కావాలనుకున్నాడు. అలా 'డిటెక్టివ్ కామిక్స్' అనే బొమ్మల పుస్తకం 1940 ఏప్రిల్ సంచికలో రాబిన్ వచ్చాడు. సర్కస్ ఊయల మీద అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న డిక్ గ్రేసన్. కొవ్వొత్తి వెలుగులో ఇద్దరూ కుడిచేతులెత్తి ప్రమాణం చేసే బొమ్మ ఒకటుంది అందులో. ఆ బొమ్మలో నాకు యజమానీ పనివాడూ కనపడరు. తల్లిదండ్రుల్ని కళ్లముందే పోగొట్టుకున్న ఇద్దరు కనపడతారు. మీ బాబుకి ఆ మాట చెప్పండి.

రాబిన్‌ని చూసి మిగతావాళ్లూ మొదలెట్టారు. మరుసటి ఏడాదే ఇంకో బొమ్మల పుస్తకం హీరో కెప్టెన్ అమెరికా పక్కన బకీ అనే కుర్రాడు వచ్చాడు. అయితే పక్కవాళ్లంటే చులకన కూడా మొదట్నుంచీ ఉంది. 1988లో రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలా చావాలా అని పాఠకుల్ని ఫోన్లలో ఓట్లడిగారు. చావమన్నవాళ్లు 5,343, బతకాలన్నవాళ్లు 5,271. డెబ్భై రెండు ఓట్లతో ఓ పిల్లాణ్ని చంపేశారు. బొమ్మల పుస్తకమే కావచ్చు, నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

పాపకి చెప్పాల్సిన మాట వేరే ఉంది. రాబిన్ అంటే అబ్బాయే అని లేదు. 1986లో ఫ్రాంక్ మిల్లర్ రాసిన కథలో రాబిన్ పదమూడేళ్ల అమ్మాయి, క్యారీ కెల్లీ. ఆమెని ఎవరూ పిలవలేదు. తనంతట తనే రాబిన్ బట్టలేసుకుని వెళ్లి, చావుదెబ్బలు తిన్న బ్యాట్‌మ్యాన్‌ని కాపాడుతుంది. పుస్తకం మాత్రం ఇప్పుడే చేతికివ్వకండి, అందులో రక్తపాతం ఎక్కువ. కథ మీరే చెప్పండి.

ఆటంటారా, 2008లో వచ్చిన 'లెగో బ్యాట్‌మ్యాన్' వీడియోగేమ్ చూడండి. ఒకే తెర మీద ఇద్దరు ఆడొచ్చు. ఒకరు బ్యాట్‌మ్యాన్, ఇంకొకరు రాబిన్. రాబిన్‌కి అయస్కాంతం సూటు ఒకటుంటుంది, అది వేసుకుంటే ఇనుప గోడల మీద నడిచిపోవచ్చు. బ్యాట్‌మ్యాన్‌కి ఆ సూటు లేదు. అలాంటి గోడ వచ్చినప్పుడు మీ బాబు కింద నిలబడి 'చెల్లీ, నువ్వెక్కు' అని పిలవాల్సిందే.