నాలుగో తరగతి పాపకు హైపోథిసిస్, వేరియబుల్ లాంటి మాటలు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

మీ పాప నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్పేస్తోంది, "ఏదీ, ఒక ఉదాహరణ చెప్పు" అంటే మాత్రం నోరు మెదపడం లేదు అని రాశారు. ఇంగ్లీష్ మీడియం కావడం వల్లేమో అని మీ అనుమానం. కాదండీ. నేను కరీంనగర్ వైపు ఒక పల్లెలో పదమూడేళ్లుగా ప్రైమరీ పిల్లలకు చెబుతున్నాను, తెలుగు మీడియంలోనూ ఇదే తంతు. పరిసరాల విజ్ఞానం అభ్యాసాల్లో "పరికల్పనలు చేయడం" అని ఉంటుంది, హైపోథిసిస్‌కు తెలుగు మాట పరికల్పనే. ఆ మాట ఏడాదంతా కళ్ల ముందే ఉన్నా, అదేంటో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేదు.

ఒకసారి "ప్రయోగం అంటే ఏంటి?" అని అడిగాను. వెనక బెంచీ నుంచి "మంత్రగాళ్లు చేసేది సార్" అన్నాడొకడు. "కంట్రోల్ అంటే?" అంటే ముగ్గురు ఒకేసారి "కంట్రోల్ బియ్యం!" అన్నారు. రేషన్ షాపును మా దగ్గర కంట్రోల్ దుకాణం అంటారు మరి. నవ్వొచ్చింది గానీ వాళ్ల తప్పేం లేదు. ఆ మాటలకు ఇంట్లో అప్పటికే ఒక అర్థం ఉంది. మనం పైనుంచి ఇంకో అర్థం అతికిస్తే పరీక్ష దాకా ఉంటుంది, తర్వాత ఊడిపోతుంది. అందుకే ముందు పని చేయిద్దాం, పేర్లు తర్వాత పెడదాం అనుకున్నాను.

ఎంచుకున్నది పెరుగు. తోడుపెట్టడం చూడని పిల్లలు మా ఊళ్లో లేరు. మధ్యాహ్న భోజనం వండే ఆమెతో పాలు కాయించి మూడు గ్లాసుల్లో సమానంగా పోశాం. ఒకదాంట్లో వేడివేడి పాలు, రెండోదాంట్లో గోరువెచ్చనివి. రెండింట్లోనూ అర చెంచా చొప్పున తోడు. మూడోదాంట్లో గోరువెచ్చని పాలే, కానీ తోడు వెయ్యలేదు. తోడు వేసేముందే "సాయంత్రానికి ఏమవుతుంది, ఎందుకు? నోట్సులో రాయండి" అన్నాను. ఎక్కువమంది "వేడి పాలు తొందరగా తోడుకుంటాయి, ఎందుకంటే వేడికి అన్నీ తొందరగా అవుతాయి" అని రాశారు. ఒక పాప మాత్రం "మా అమ్మమ్మ వేలు పెట్టి చూసి, కాలకుంటేనే తోడు వేస్తది" అంది.

లాంగ్ బెల్‌కు ముందు మూతలు తీశాం. వేడి పాలు, గోరువెచ్చని పాలు రెండూ చక్కగా తోడుకున్నాయి! నా ముఖం చూడాలి. వేడి పాలు తోడుకోవు, తోడులోని సూక్ష్మజీవులు ఆ వేడికి చచ్చిపోతాయి అని చెప్పడానికి సిద్ధమై ఉన్నాను. అమ్మమ్మ మాట చెప్పిన పాప అప్పటికే రబ్బరు తీసి తను రాసింది చెరిపేస్తోంది. పక్కవాడు రాసింది చూసి, జరిగినదానికి సరిపోయేలా దిద్దుకుంటోంది.

అసలు సమస్య నిర్వచనం కాదని నాకు అప్పుడు తట్టింది. పిల్లలు ఊహను జవాబు అనుకుంటున్నారు. తప్పయితే మార్కులు పోతాయని భయం. ఆ రోజు నుంచి మా క్లాసులో ఊహ పెన్నుతోనే రాయాలి, దిద్దకూడదు. తప్పయిన ఊహ పక్కన "ఇలా అనుకున్నాను, ఇలా జరిగింది" అని రాస్తే చాలు. దానికీ మార్కులుంటాయి. మీ పాప విషయంలోనూ ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

ఇంతకీ ఏం జరిగిందంటే, పొయ్యి మీది పాలు దించి, ముప్పై మందిని చుట్టూ కూర్చోబెట్టి, ఊహలు రాయించి, తోడు వేసేసరికి పావుగంట దాటింది. పైగా చిన్న స్టీలు గ్లాసులు. వేడి పాలు అప్పటికే చల్లారిపోయాయి. అంటే మేం మార్చామనుకున్నది నిజంగా మారనే లేదు. మర్నాడు ఊహలు ముందే రాయించి, మరిగిన పాలు పోసిన వెంటనే తోడు వేశాను. సాయంత్రానికి అవి పాలలాగే ఉన్నాయి.

పేర్లు అప్పుడు పెట్టాను. మనం కావాలని మార్చింది పాల వేడి, అది వేరియబుల్. తెలుగు పుస్తకాల్లో చరరాశి అంటారు గానీ, ఆ మాట మళ్లీ పెద్ద క్లాసుల లెక్కల్లో ఎదురవుతుంది. ఈ వయసుకు "మార్చేది" అన్నా నష్టం లేదు. గ్లాసు, పాల కొలత, అర చెంచా తోడు మార్చకుండా ఉంచినవి. తోడు వెయ్యని గ్లాసు పోలిక కోసం పెట్టింది, అదే కంట్రోల్. ఎందుకంటే పాలు వాటంతటవే గట్టిపడతాయేమో అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఇక పరికల్పన అంటే ఉత్త ఊహ కాదు, "ఎందుకంటే" ఉన్న ఊహ. "గ్లాసు వంచితే జారలేదు" అన్నది పరిశీలన. "సూక్ష్మజీవులు పనిచేశాయి" అన్నది దాన్నిబట్టి మనం అనుకున్నది. ఈ రెండింటినీ పెద్దవాళ్లే కలిపేస్తుంటారు.

కథ కావాలంటే ఫ్రాన్సెస్కో రెడీ అనే ఇటలీ వైద్యుడి కథ చెప్పండి, పిల్లలు "ఛీ" అంటూనే చెవులు రిక్కించి వింటారు. కుళ్లిన మాంసంలోంచి పురుగులు వాటంతటవే పుడతాయని జనం నమ్మే రోజుల్లో ఆయన జాడీల్లో మాంసం పెట్టి చూశాడు. 1668లో ఆ సంగతులు పుస్తకంగా వేశాడు. మూత లేని జాడీల్లో పురుగులు పట్టాయి, గట్టిగా మూసినవాటిలో పట్టలేదు. మరి గాలి ఆడకే పుట్టలేదేమో? అందుకని కొన్ని జాడీలకు పల్చటి గుడ్డ కట్టాడు. గాలి వెళ్తుంది, ఈగ వెళ్లదు. వాటిలోనూ మాంసానికి పురుగు పట్టలేదు. "గుడ్డ ఎందుకు కట్టాడు?" అని మీ పాపను అడిగి చూడండి. చెప్పగలిగితే వేరియబుల్ అర్థమైనట్టే.

యూనిట్ టెస్టులో నిర్వచనం పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, దాని కింద పెరుగు ఉదాహరణ ఒక్క లైను రాస్తే చాలు. ఇంట్లో చేసేటప్పుడు ఫ్రిజ్‌లో ఇంకో గ్లాసు కూడా పెట్టొచ్చు, మాకు స్కూల్లో ఆ సదుపాయం లేదు. వేడి పాలు మాత్రం మీరే పోయండి. ఎండాకాలమైతే తోడు వెయ్యని పాలు సాయంత్రానికి విరిగిపోవచ్చు, "ఇది కూడా తోడుకుందమ్మా" అంటుంది పాప. రుచి చూడనివ్వకుండా, చెంచాతో తిప్పి తేడా చూపించండి.