నీట్‌లో లేని పాఠమే మా అమ్మాయికి ఇష్టం, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. జీర్ణవ్యవస్థ పాఠమంటే ప్రాణం. అది నీట్‌లో లేదు, వదిలేయమని కాలేజీలో అంటున్నారు. అయినా ఎంజైముల బొమ్మలు గీస్తూ కూర్చుంటుంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఈ ఇష్టానికి ఏదైనా దారి ఉందా?

జవాబు: అమ్మా, 2024 నుంచి నీట్ సిలబస్‌లో ఆ పాఠం లేదన్నది నిజమే. పరీక్ష దగ్గరపడ్డాక కొన్నాళ్లు పక్కన పెట్టమనండి. ఆ ఇష్టాన్ని మాత్రం చంపకండి.

ముందు పాపను ఒక్క ప్రశ్న అడగండి: మాంసాన్ని అరిగించే ఎంజైము మన పేగునో క్లోమాన్నో (పాంక్రియాస్‌నో) ఎందుకు అరిగించదు? పేర్లు బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. పాఠం ఒంటబట్టిన పిల్ల ఇలా మొదలుపెడుతుంది: క్లోమం ఆ ఎంజైముని, అంటే ట్రిప్సిన్‌ని, సిద్ధంగా పంపదు, ట్రిప్సినోజన్ అనే పనిచేయని రూపంలో పంపుతుంది. చిన్నపేగు గోడ నుంచి వచ్చే ఎంటెరోకైనేజ్ తగిలాకే అది పనిలోకి దిగుతుంది. జీర్ణాశయంలో పెప్సినోజన్ కూడా ఆమ్లం ఉంటేనే పెప్సిన్ అవుతుంది. ఆ ఆమ్లంతో ఆహారం పేగులోకి దిగగానే సెక్రెటిన్ అనే హార్మోన్ రక్తం ద్వారా క్లోమానికి కబురందిస్తుంది, క్లోమం బైకార్బనేట్ వదిలి ఆమ్లాన్ని విరిచేస్తుంది. 1902లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. హార్మోన్ల శాస్త్రం మొదలైందే అక్కడ. పైత్యరసంలోనైతే ఎంజైమే లేదు. కానీ అది కొవ్వును చిన్న చిన్న బొట్లుగా విడగొట్టకపోతే కొవ్వును అరిగించే లైపేజ్ పని సరిగా సాగదు.

ఇలా ఒకదాన్నొకటి ఎలా నడిపిస్తున్నాయో వెతికే బుద్ధి ఉంటే, నా మాట బయోకెమిస్ట్రీ. డిగ్రీలో అది తీసుకుని, ఏపీ పీజీసెట్ రాస్తే ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. ఊరు వదలక్కర్లేదు.

మనుషులకు దగ్గరగా ఉండే పని కావాలంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ ఉంది. ట్రిప్సిన్ క్లోమంలోనే ముందుగా మేల్కొంటే క్లోమాన్నే తినేస్తుంది. అదే పాంక్రియాటైటిస్. అలాంటి కడుపునొప్పితో కేజీహెచ్‌కి వచ్చినా, మరో ఆసుపత్రికి వెళ్లినా, రక్తంలో పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్, లైపేజ్ ఎంత ఉన్నాయో చూస్తారు. పాప గీస్తున్న ఆ ఎంజైములే ఇవి. మందుల మీద మనసుంటే ఏపీ ఈఏపీసెట్ రాసి బీఫార్మసీ చేయొచ్చు, పరవాడ ఫార్మా సిటీ మీకు దగ్గరే. న్యూట్రిషన్ కూడా మంచిదే.

ఏదీ ఇప్పుడే తేల్చకండి. ఈ ఆదివారం చల్లారిన పల్చటి గంజి రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో పాపను కాస్త ఉమ్మి కలపమనండి. పావుగంటయ్యాక రెండింట్లో ఒక్కో చుక్క టింక్చర్ అయోడిన్ వేయమనండి. ఉత్త గంజి నీలంగా మారుతుంది, ఉమ్మి కలిపినదానికి ఆ రంగు అంతగా రాదు, ఉమ్మిలోని అమైలేజ్ గంజిలోని పిండిపదార్థాన్ని అరిగించేస్తుంది కాబట్టి. అక్కడితో లేచిపోతుందా, ఉమ్మిని మరిగించి కలిపితే ఏమవుతుందని రెండో గంజి పెట్టమంటుందా, చూసి నాకు రాయండి.