వరంగల్ ఎన్‌ఐటీ సీటు: ఒక సైటు వస్తుందంటోంది, ఇంకోటి రాదంటోంది

పాప ర్యాంకుకు వరంగల్ ఎన్‌ఐటీలో సీటు వస్తుందో లేదో అంచనా చెప్పే రెండు సైట్లు చూస్తే వేర్వేరు జవాబులొచ్చాయని అడిగారు. ఆ రెండింట్లో హోమ్ స్టేట్ (సొంత రాష్ట్రం) వేర్వేరుగా పడి ఉంటుంది. మీరుండేది హైదరాబాద్, పాప ఇంటర్ పాసైంది విజయవాడలో అన్నారు కదా. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎన్‌ఐటీలకు హోమ్ స్టేట్ అంటే 12వ తరగతి పాసైన రాష్ట్రం. సొంతూరు, ఆధార్ అడ్రస్ చూడరు. అందుకే పాపకు వరంగల్‌లో ‘ఓఎస్’ (ఇతర రాష్ట్రాల వాళ్ల కోటా) వరుస, ఏపీ ఎన్‌ఐటీ ఉన్న తాడేపల్లిగూడెంలో ‘హెచ్‌ఎస్’ (హోమ్ స్టేట్ కోటా) వరుస వర్తిస్తాయి.

1. జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్ జరిపే సంస్థ) సైట్లో నిరుటి చివరి రౌండ్ క్లోజింగ్ ర్యాంకులు, అంటే సీటు దొరికిన ఆఖరి ర్యాంకులు తెరవండి. మొదటి రౌండ్ చూసి టెన్షన్ పడొద్దు.
2. ఓబీసీ వరుసలో ఉండేవి ఓబీసీ ర్యాంకులు. వాటితో జనరల్ ర్యాంకు పోల్చకండి.
3. ‘ఫీమేల్ ఓన్లీ’ (అమ్మాయిలకే ఉంచిన సీట్లు) వరుస తప్పక చూడండి. అక్కడ క్లోజింగ్ సాధారణంగా ఇంకా కిందికి, అంటే ఇంకా పెద్ద నంబరు ర్యాంకు దాకా వెళ్తుంది.
4. ఆప్షన్లు పాప ఇష్టపడే వరుసలోనే పెట్టండి. పైది రాకపోయినా కిందివాటికి నష్టం లేదు.