ముందు నీళ్ల సంగతి, తరువాతే చీకటి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లో డార్క్‌రూమ్, అంటే ఫిల్ము కడిగి ఫొటోలు ప్రింటు వేసుకునే చీకటి గది, పెట్టుకుంటున్నానని, ఏమేమి కొనాలో జాబితా పంపమని రాశావు. జాబితాకేం, ఒక చిన్న కాగితం చాలు. కానీ నువ్వు పంపిన మేడ మీద గది ఫొటోలు చూశాక, కొనుగోళ్ల కంటే ముందు తేల్చుకోవలసినవి ఉన్నాయనిపించింది. ఉత్తరం కాస్త పొడుగైతే విసుక్కోకు.

మొదటిమాట, ఆ గది వద్దు. కిటికీ ఒక్కటే కాబట్టి మూసేస్తే చీకటే కదా అనుకున్నావు. నిజమే, కానీ గుంటూరులో మే నెల స్లాబు రాత్రి పదకొండింటికి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. బొమ్మను పైకి తెచ్చే మందు, అంటే డెవలపరు, పొట్లాల మీద, ఫిల్ము కంపెనీల పట్టికల్లో మందు వేడి 20 డిగ్రీల సెల్సియస్ ఉండాలని రాసి ఉంటుంది. చలి దేశాల్లో కుళాయి తిప్పితే ఆ అంకె దరిదాపులకు నీళ్లు వస్తాయి. మన ట్యాంకు నీళ్లతో ఎండాకాలం మధ్యాహ్నం స్నానమే చేయలేం. చీకటి చేసుకోవడానికి నల్లగుడ్డ, నాలుగు మేకులు, ఒక పూట ఓపిక ఉంటే సరిపోతుంది. మన వైపు డార్క్‌రూమ్‌కు అసలు పరీక్ష నీళ్లే.

అందుకని కింది అంతస్తులో మెట్ల కింద ఉన్న సామాను గదిని ఖాళీ చేయించు. మీ అమ్మ ఒప్పుకోదని తెలుసు. బొమ్మల కొలువు సామాను, పాత ట్రంకుపెట్టెలు మేడ మీదికి చేరిస్తే వాటికొచ్చే నష్టమేమీ లేదని నేను ఫోనులో చెబుతాను. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉంటే ఒక మనిషి హాయిగా పనిచేయవచ్చు. మెట్లు వాలుగా దిగిన వైపు అలమర పెట్టుకుని, ఎత్తు ఎక్కువున్న వైపు ఎన్‌లార్జరు, అంటే నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం, నిలబెట్టు. లోపల కుళాయి లేదని బెంగపడకు. కడగాల్సిన ప్రింట్లను బకెట్టు నీళ్లలో వేసుకుని పక్కనున్న స్నానాల గదికి తీసుకెళ్తే సరి.

చీకటి కుదిరిందో లేదో మిట్టమధ్యాహ్నం చూడాలి. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని పావుగంట ఊరికే కూర్చో. మొదట ఏమీ కనబడదు. కళ్లు అలవాటు పడేకొద్దీ గడప కింది సందు, తాళం కన్నం, స్విచ్ బోర్డు వైరు వచ్చే రంధ్రం ఒక్కొక్కటే బయటపడతాయి. తలుపు చట్టానికి మందపాటి ఫెల్టు పట్టీ అంటించి, బయటి వైపు నల్లగుడ్డ రెండు పొరలు వేలాడదీయి. మా రోజుల్లో లేని దొంగలు ఇప్పుడు ఇంకొందరు చేరారు. చేతి గడియారం వెలుగుతుంది, జేబులో ఫోను మెరుస్తుంది, స్టెబిలైజరు మీద చుక్కంత దీపం ఉంటుంది. గడియారం, ఫోను బయట పెట్టి వెళ్లు, ఆ దీపం మీద నల్ల టేపు అంటించు.

గోడలన్నిటికీ నల్లరంగు వేయాలని నీకెవరో చెప్పారట. ఎన్‌లార్జరు వెనక గోడకు, దాని పక్కన మూరెడు మేర వేస్తే చాలు, అక్కడే తెల్లకాంతి చెదురుతుంది. మిగతా గోడలు తెల్లగానే ఉండనీ. ప్రింట్లు వేసేటప్పుడు వెలిగించుకునే ఎర్రదీపం వెలుతురు వాటి మీద పడి గదంతా పరుచుకుంటుంది, వస్తువులు వెతుక్కునే బాధ తప్పుతుంది. ఎర్ర కాంతి గోడకు తగిలినంత మాత్రాన తెల్లగా మారిపోదు కదా.

ఎర్రదీపం ఫొటో కాగితానికే గానీ ఫిల్ముకు పనికిరాదు. ఇప్పటి నలుపు తెలుపు ఫిల్ములు చాలావరకు అన్ని రంగుల కాంతినీ పట్టేస్తాయి. సినిమాల్లో ఎర్ర వెలుగులో రీలు విప్పి చూసేవాళ్లను చూసి మోసపోకు. ఇక కాగితం కోసం కొన్న ఎర్ర బల్బునైనా పరీక్షించకుండా నమ్మవద్దు. రంగు పూసిన చౌక జీరో బల్బుల్లో కొన్ని తెల్లకాంతిని వదులుతాయి. ఒక కాగితం ముక్కకు ఎన్‌లార్జరు కింద లేత బూడిద రంగు వచ్చేంత వెలుగు తగిలించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, ఎర్రదీపం కింద అయిదారు నిమిషాలు ఉంచి కడిగి చూడు. బిళ్ల ఆకారం కనబడిందంటే ఆ బల్బు పనికిరాదు, లేదా బాగా దగ్గరగా ఉంది. కాగితానికి కనీసం నాలుగడుగుల దూరంలో పెట్టాలి.

గదిని తడి వైపు, పొడి వైపు అని రెండుగా విడదీయి. ఒక గోడకు ఎన్‌లార్జరు, కాగితాలు, ఫిల్టర్లు, ఎదుటి గోడకు ట్రేలు. వరస డెవలపరు, దాని పని ఆపే స్టాప్ బాత్, బొమ్మను స్థిరపరిచే హైపో, నీళ్లు. ఎవరి పట్టకారు వాళ్లకే. హైపోలో ముంచిన పట్టకారు డెవలపరులో పెడితే ఆ డెవలపరు పాడైనట్టే. స్టాప్ బాత్ వాసన పడకపోతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరుకు 15 గ్రాములు కలుపుకో, చక్కగా పనిచేస్తుంది. ఎగ్జాస్టు ఫ్యాను తప్పనిసరి. దాని ముందు లోపలంతా నల్లరంగు పూసిన ప్లైవుడ్ పెట్టె బిగించి, గాలి రెండు మలుపులు తిరిగి బయటికి పోయేలా అడ్డుపలకలు పెట్టమని వడ్రంగికి చెప్పు. గాలి మలుపు తిరుగుతుంది, వెలుతురు తిరగలేదు. సీలింగు ఫ్యాను మాత్రం వద్దు. దుమ్ము రేపుతుంది, దాని అదురుకు ఎన్‌లార్జరు కంభం కూడా వణుకుతుంది.

తడి చేతులతో స్విచ్‌లు ముట్టుకునే గది ఇది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచూపించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. తెల్లదీపం స్విచ్‌ను తల కంటే ఎత్తున పెట్టించు. కాగితం డబ్బా తెరిచి ఉన్నప్పుడు మోచెయ్యి తగిలి దీపం వెలిగితే డబ్బా మొత్తం పోతుంది. సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే వీధి మీది. స్టెబిలైజరు లేకపోతే ఒకే సెకన్లకు ఒక ప్రింటు నల్లగా, ఇంకొకటి పాలిపోయి వస్తుంది.

ఇంత చెప్పాక ఇంకోమాట. గది పూర్తయ్యే వరకు ఆగనక్కర్లేదు. ఫిల్ము కడగడానికి డార్క్‌రూమే అవసరం లేదు. చేతులు దూర్చే నల్లసంచీ, అదే చేంజింగ్ బ్యాగ్, వెలుతురు చొరని చిన్న ఫిల్ము ట్యాంకు ఉంటే వంటింటి గట్టు మీదే కడగవచ్చు. ఆ సంచీలో ఫిల్మును స్పైరల్‌కు, అంటే ట్యాంకులో ఫిల్మును చుట్టగా నిలిపే చక్రానికి, ఎక్కించడం ముందు పనికిరాని రీలుతో పగటి వెలుగులో సాధన చెయ్యి, తరువాత కళ్లు మూసుకుని. చేతులకు చెమట పట్టే రోజున ఆ పని పెట్టుకోకు. తేమకు ఫిల్ము మెత్తబడి స్పైరల్‌లో ఇరుక్కుంటుంది, బలవంతం చేస్తే మడతపడుతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మే నెలలో 20 డిగ్రీల కోసం తంటాలు పడకు, 24 పెట్టుకో. ఆ 24 డెవలపరుకు ఒక్కదానికే కాదు. స్టాప్ బాత్, హైపో, కడిగే నీళ్లు అన్నీ ఆ దగ్గరలోనే ఉండాలి. డెవలపరును మంచులో పెట్టి చల్లబరిచి, తరువాత కుళాయి కింద 36 డిగ్రీల నీళ్లతో కడిగితే ఫిల్ము మీది జిలెటిన్ పొర ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చే ప్రమాదం ఉంది. ముందురోజు రాత్రే మట్టికుండల్లో నీళ్లు నింపి నీడన పెట్టు. గాలిలో తేమ తక్కువున్న రోజుల్లో కుండ సగం పని చేసిపెడుతుంది, ఉక్కపోత రోజుల్లో అంతగా చేయదు. తెల్లవారుజామున నాలుగింటికి మేడ మీది ట్యాంకు నీళ్లు కూడా ఉన్నంతలో చల్లగా ఉంటాయి. నేను ఎండాకాలం రీళ్లన్నీ ఆ వేళకే కడిగేవాడిని.

ఒక బకెట్టులో కుండనీళ్లు పోసి డెవలపరు, స్టాప్ బాత్, హైపో సీసాలను మెడదాకా నిలబెట్టు. ఐసుముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి బకెట్టులో వేయి, సీసాలో మాత్రం వేయకు, డెవలపరు పలచబడుతుంది. థర్మామీటరు సీసా లోపల ముంచి చూడు. బకెట్టు నీళ్లు 24 చూపిస్తున్నా సీసా మధ్యలో ఇంకా 27 ఉండవచ్చు. జ్వరం చూసే థర్మామీటరు 35 దగ్గర మొదలవుతుంది, దానితో ఈ పని కాదు. ఫిల్ము ట్యాంకును అరచేతుల్లో పొదివి పట్టుకోకు, నీ ఒంటి వేడి దానికి ఎక్కుతుంది. మూత దగ్గర, అడుగున వేళ్లతో పట్టుకుని నిమిషానికి పది సెకన్లు తలకిందులు చేసి, అడుగును ఒకసారి గట్టుకు తట్టి, మళ్లీ బకెట్టులో పెట్టు. తట్టడం మరిస్తే గాలిబుడగలు అంటుకున్న చోట చుక్కలు పడతాయి.

వేడి పెరిగితే సమయం తగ్గుతుంది, డిగ్రీకి సుమారు పదో వంతు. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మును ఐడీ-11 అనే డెవలపరులో సగానికి సగం నీళ్లు కలిపి కడిగితే 20 దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర దాదాపు తొమ్మిది. నీళ్లు కలపకుండా వాడితే 20 దగ్గర ఏడున్నర నిమిషాలే. వేడిలో అది అయిదు నిమిషాల దాకా దిగిపోతుంది, అంత తక్కువలో మరకలు లేకుండా కడగడం కష్టం. అందుకే మన ఎండలకు పలచని డెవలపరే మేలు.

డెవలపరు పొట్లం ఖరీదు చూసి గుండె ఆగిందన్నావు. డి-76 అనే డెవలపరును ఇంట్లోనే కలుపుకోవచ్చు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, వెలిగారం 2. సుమారు 50 డిగ్రీల నీళ్లు ముప్పావు లీటరు తీసుకుని, ముందు చిటికెడు సల్ఫైట్, ఆపైన మెటాల్, అది పూర్తిగా కరిగాకే మిగతావి ఇదే వరసలో వేసి, చివర లీటరు చేయాలి. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగదు. వంటింటి తూకం వద్దు, బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ తూకం కొనుక్కో. మెటాల్ కొందరి చర్మానికి పడదు, ఒకసారి దద్దుర్లు మొదలైతే ఆ తరువాత ప్రతిసారీ వస్తాయి. చేతికి తొడుగు వేసుకో. ఈ మందులు కూల్‌డ్రింకు సీసాల్లో మాత్రం పోయకు. ఇంట్లో పిల్లలు తిరుగుతున్నారు. రంగు సీసాలు కొని, పేరు, తేదీ రాసి, తాళం వేసిన అలమరలో పెట్టు.

హైపో ఎంతసేపన్నది ఎవరినీ అడగనక్కర్లేదు. ఫిల్ము మొదట్లో కత్తిరించి పడేసే ముక్కను హైపోలో వేసి, పాలరంగు పోయి తేటపడేందుకు ఎంతసేపు పట్టిందో చూసుకో. దానికి రెట్టింపు సేపు ఉంచాలి. కొత్త హైపోలో పట్టిన దానికి రెండింతలు పట్టిందంటే ఆ హైపో అయిపోయినట్టే. పాతవాళ్లు హైపోలో పటిక కలిపేవారు, జిలెటిన్ గట్టిపడుతుందని. ఇప్పటి ఫిల్ముకు అది అక్కర్లేదు, పైగా కడగడానికి నీళ్లు ఎక్కువ పడతాయి. పటిక లేకపోతే ఫిల్ము ట్యాంకు నింపి అయిదుసార్లు తలకిందులు చేసి పారబోయి, మళ్లీ నింపి పది, మళ్లీ నింపి ఇరవై, అంతే. మూడు ట్యాంకుల నీళ్లతో రీలు శుభ్రమవుతుంది. ఆఖరి ముంపు మాత్రం బోరు నీళ్లలో వద్దు, తెల్లటి ఉప్పు మరకలు ఆరాక పోవు. డిస్టిల్డ్ వాటర్ వాడు, అది లేకపోతే ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు.

ఇక ఎన్‌లార్జరు. మూతపడ్డ స్టూడియోల్లో మెయోప్టా, డర్స్ట్ యంత్రాలు దుమ్ము పట్టి ఉన్నాయి, అడిగితే దొరుకుతాయి. యంత్రం పేరు కంటే లెన్సు ముఖ్యం. 35 మి.మీ. ఫిల్ముకు 50 మి.మీ. లెన్సు కావాలి. టార్చి వెనక నుంచి కొట్టి చూడు, సాలెగూడు లాంటి బూజు కనబడితే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దను. నెగెటివ్‌ను పట్టి ఉంచే చట్రం, అదే నెగెటివ్ క్యారియర్, ఉందో లేదో అక్కడే చూసుకో, విడిగా దొరకడం కష్టం. తాపీమేస్త్రీ వాడే రసమట్టం అడిగి తెచ్చి కింది పలక, నెగెటివ్ పెట్టే చోటు, లెన్సు బిగించే పలక మూడూ ఒకే మట్టంలో ఉన్నాయేమో చూడు. లేకపోతే ప్రింటు ఒక మూల తేటగా, ఇంకో మూల మసకగా వస్తుంది.

ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు కాగితం ఊరూరా దొరికిన కాలం పోయింది. ఇప్పుడు కాగితం బయటి దేశాల నుంచి రావాలి, ఖరీదూ అలాగే ఉంటుంది. కాబట్టి నేరుగా పెద్ద కాగితం పెట్టకు. ఎన్ని సెకన్ల వెలుగు చాలో ముందు తేల్చుకునేందుకు ఒక కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి ఉంచుకో. నలుపు తెలుపుల తేడాను అదుపు చేసే ఫిల్టర్లలో రెండో నంబరుది పెట్టు, లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గర ఉంచు. పట్టీ అంతటికీ 5 సెకన్లు, తరువాత ఒక భాగం అట్టతో కప్పి ఇంకో 5, అలా జరుపుతూ పో. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ కాగితమైతే డెవలపరులో పూర్తిగా ఒక నిమిషం ఉంచు, ట్రే మూలను మెల్లగా ఎత్తి దించుతూ. ఎర్రదీపం కింద బొమ్మ ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. కంగారుపడి ముందే తీసేస్తే నలుపులో బలం రాదు. పట్టీలో ఏ భాగం బాగుందన్నది హైపో తరువాత తెల్లదీపం కిందే తేల్చు. కాగితం డబ్బాను సంచిలో గట్టిగా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. తీశాక గదివేడికి వచ్చేదాకా కొన్ని గంటలు విప్పకు, చెమ్మ పడుతుంది. లెన్సులను సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో దాచు.

వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. పెరట్లో పోయకు, సెప్టిక్ ట్యాంకులోకి అసలే వద్దు. క్యానులో పోగుచెయ్యి. ఎక్స్‌రే ఫిల్ముల హైపో కొని వెండి తీసేవాళ్లు గుంటూరులో ఇంకా ఉంటే కనుక్కుని చెబుతాను.

ట్రేలు, కాగితాన్ని కదలకుండా పట్టే ఈజెల్, గాజు కొలపాత్రలు నా దగ్గర అటక మీద ఉన్నాయి. దసరాకు వచ్చినప్పుడు పట్టుకెళ్లు, అప్పటిదాకా కొత్తవి కొనకు. బొమ్మ తేటగా పడిందో లేదో చూసే గ్రెయిన్ ఫోకసర్ మాత్రం ఇవ్వను, నేనింకా వాడుతున్నాను.

ఇట్లు,
మీ మామయ్య