మూకీ నటుడు లాన్ చేనీ: ముఖాలు మార్చిన మనిషి గురించి పాఠకులు అడిగినవి

ప్రశ్న: లాన్ చేనీ తల్లిదండ్రులిద్దరూ చెవిటి, మూగవాళ్ళనీ, అందుకే మూకీల్లో అంత బాగా నటించాడనీ అంటారు. నిజమేనా? (తెనాలి)

చాలావరకు నిజమే. ఆయన 1883 ఏప్రిల్ 1న అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టాడు. తండ్రిది క్షౌరవృత్తి. తల్లి వైపు తాత ఆ ఊళ్ళో 1874లో బధిరుల బడి పెట్టాడు. తల్లి కీళ్ళవాతంతో మంచం పడితే, ఆమెను చూసుకోవడానికి నాలుగో తరగతిలోనే చదువు మానేశాడు. బయట ఎవరు ఏమన్నారో, వీధిలో ఏం జరిగిందో ఇంటికొచ్చి చేతులతో, ముఖంతో, నడకతో చేసి చూపించేవాడు. తల్లికి అర్థం కాకపోతే మళ్ళీ ఇంకోలా చేయాలి. ఇంతకన్నా కఠినమైన నటనబడి ఏముంటుంది?

అయితే అదొక్కటే కారణం అంటే అన్యాయం. థియేటర్లో సామాన్లు మోయడం నుంచి డాన్సు, హాస్యం, స్టేజీ నిర్వహణ దాకా అన్నీ చేస్తూ ఊరూరా తిరిగాడు. 1913లో ఆయన మొదటి భార్య, గాయని క్లీవా, లాస్ ఏంజెలెస్‌లో ఆయన పనిచేస్తున్న థియేటర్లోనే విషం తాగింది. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. ఆ గొడవతో ఆయనకు నాటకాల్లో పని దొరకడం కష్టమైంది. అప్పుడు సినిమాల వైపు వచ్చి, ఐదేళ్ళపాటు యూనివర్సల్ స్టూడియోలో చిన్నాపెద్దా వేషాలు వేశాడు. 1919లో ‘ది మిరకిల్ మ్యాన్’తో పేరొచ్చింది. అందులో అవిటివాడిగా నటించే మోసగాడు. మెలికపడిన ఒళ్ళు ఒక్కో కీలూ విప్పుకుంటూ లేచి నిలబడే దృశ్యం ఇప్పటికీ మిగిలుంది. అందులో మేకప్ పనేమీ లేదు, అంతా ఒళ్ళే.

ప్రశ్న: నేను పరిషత్తు నాటకాలకు మేకప్ చేస్తాను. ‘హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్’లో చేనీ గూని 70 పౌండ్లని చదివాను. అంత బరువు కట్టాడా? గూని, కత్తిగాటు మచ్చ స్టేజీ మీద నప్పేలా ఎలా చేయాలి? (గుంటూరు)

70 పౌండ్లంటే దాదాపు 32 కిలోలు. అది ప్రచారం కోసం పెంచి చెప్పిన లెక్క. ఆ మేకప్‌ని శ్రద్ధగా పరిశోధించినవాళ్ళు ఆ ప్లాస్టర్ గూని 20 పౌండ్లకు మించదని తేల్చారు. చేనీ కష్టం బరువులో లేదు. నిటారుగా నిలబడనివ్వని తోలుపట్టీల కట్టు వేసుకుని, ఆ కట్టుతోనే గంతులేశాడు, పాకాడు, వేలాడాడు. 1923 నాటి ఆ సినిమా చూసేటప్పుడు గూనిని వదిలేసి మోకాళ్ళని గమనించండి, అవెప్పుడూ పూర్తిగా చాచుకోవు. మనవాళ్ళ గూని వేషాలు తేలిపోయేది అక్కడే. వీపు మీద దిండు ఉంటుంది, నడక మాత్రం మామూలు మనిషిది.

గూనికి గట్టి ఫోమ్ తీసుకోండి. దూది మూట చెమటకు ముద్దై జారుతుంది. ఫోమ్‌ని సరిగ్గా వెన్ను మధ్యన కాక ఒక భుజానికి ఎక్కువగా వచ్చేలా చెక్కి, బిగుతైన బనియనుకు కుట్టండి. ముందువైపు పట్టీలు గుణకారం గుర్తులా రావాలి. ఒక్క పట్టీయే ఉంటే నటుడు తిరిగినప్పుడల్లా గూని పక్కకు పోతుంది. ఏ భుజం ఎత్తయిందో నటుడికి మొదటి రిహార్సల్ నుంచే కట్టి అలవాటు చేయండి. ప్రదర్శన రోజున మాత్రమే కడితే ఒళ్ళు దాన్ని ఒప్పుకోదు.

మచ్చకు చేనీ కాలం నుంచీ వాడుతున్నది గట్టిరకం కొలోడియన్ అనే ద్రవం. ఆరేటప్పుడు కుంచించుకుపోయి చర్మాన్ని లోపలికి లాగుతుంది. ముందురోజే మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి 24 గంటలు చూడండి. దురదగానీ ఎరుపుగానీ వస్తే వాడొద్దు. జిడ్డు తుడిచి, ముదురు గోధుమరంగు, మెరూన్ కలిపి సన్నగీత గీయండి. దాని మీద కుంచెతో పల్చగా ఒక పూత వేసి, ఆరాక రెండోది, కావాలంటే మూడోది వేయండి. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరి లోపల తడి మిగిలి, మాట్లాడగానే పెచ్చులా లేస్తుంది. నవ్వుముడత మీద వేయకండి. చెంప మీదే పైవైపు ఎముక దగ్గర బాగా నిలుస్తుంది. ఇందులో ఇట్టే అంటుకునే ఈథర్ ఉంటుంది, కాబట్టి బీడీ, అగ్గిపుల్ల, హారతిపళ్ళెం దగ్గర సీసా తెరవొద్దు. కంటి దగ్గరికీ, పిల్లల ముఖాలకీ అసలు వద్దు. వరుస ప్రదర్శనలుంటే రోజూ ఒకేచోట వేయకండి, చర్మం పుండవుతుంది. అలాంటప్పుడు రంగుతో మచ్చ గీసుకోవడమే మేలు.

లైట్ల సంగతీ చూసుకోండి. ఎర్రలైటు పడితే ఎర్రగీత కనిపించకుండా పోతుంది, ఆకుపచ్చ పడితే నల్లబడుతుంది. చేనీకీ ఇదే ఇబ్బంది, కానీ లైట్ల వల్ల కాదు, ఫిల్ము వల్ల. ఆనాటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు, ఎర్రటి పెదవులు తెర మీద నల్లగా వచ్చేవి. అందుకే ఆ కాలపు నటుల రంగులు మామూలు కంటికి వింతగా ఉండేవి.

ప్రశ్న: ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’లో ఆ పుర్రెముఖం ఎలా వచ్చింది? (వరంగల్)

ముక్కుకొనకు చేపచర్మంతో చేసిన పల్చని పట్టీ స్పిరిట్ గమ్‌తో (మేకప్‌కు వాడే జిగురు) అంటించి పైకి లాగాడు. కొన్ని షాట్లకు తీగ కూడా వాడాడంటారు. ముక్కుపుటాలకు నల్లరంగు వేసి రంధ్రాలు పెద్దవి చేశాడు. చెంప ఎముకలు పైకి కనిపించేలా దూది, కొలోడియన్ పొరలతో ఎత్తు చేశాడు. ఎత్తైన బోడినెత్తి టోపీ, ఎగుడుదిగుడు కట్టుడుపళ్ళు. అంతే.

గమనించాల్సిందల్లా ఆయన ఏం కప్పలేదన్నదే. కళ్ళు, కనుబొమలు, నోటి చుట్టూ కండరాలు స్వేచ్ఛగా వదిలేశాడు. హీరోయిన్ వెనకనుంచి ముసుగు లాగినప్పుడు ముందుగా ఆ ముఖాన్ని మనం చూస్తాం, ఆమె ఇంకా చూడదు. ఆ నోరు తెరుచుకోవడంలో కోపం కన్నా సిగ్గు ఎక్కువ కనిపిస్తుంది. ముఖమంతా పూత మెత్తితే ఆ సిగ్గు మనకు అందేది కాదు. మేకప్‌మనుషులకు చేనీ నేర్పిన అసలు పాఠం ఇదేనని మా నమ్మకం. 1929లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాకు మేకప్ మీద వ్యాసం రాసింది కూడా ఆయనే. మేకప్ లేకుండా సైనికుడిగా చేసిన ‘టెల్ ఇట్ టు ది మెరైన్స్’ (1926) కూడా బాగా ఆడింది. ఇంకోవైపు, కనుమూలలు లాగి కట్టి చైనావాడిగా చేసిన ‘మిస్టర్ వూ’ పనితనంలో గొప్పదే గానీ, ఒక జాతి ముఖాన్ని వేషంగా తొడుక్కునే ఆ పద్ధతి ఇవాళ అనుసరించదగ్గది కాదు.

ప్రశ్న: ‘వుల్ఫ్ మ్యాన్’ ఆయనేనా? (హైదరాబాద్)

కాదు. అది 1941 సినిమా. అందులో చేసింది ఆయన కొడుకు క్రైటన్, తండ్రి పోయాక లాన్ చేనీ జూనియర్‌గా పేరు మార్చుకున్నాడు.

ప్రశ్న: టాకీల్లో ఎందుకు కనిపించలేదు? (రాజమండ్రి)

ఒకటి చేశాడు. 1925లో తానే నటించిన ‘ది అన్‌హోలీ త్రీ’ని 1930లో మాటలతో మళ్ళీ తీశారు. అందులో చిలకతో సహా ఐదు గొంతులు ఆయనవే. ఎవరూ అనుమానించకుండా ఆ మాట మీద ప్రమాణపత్రం కూడా సంతకం చేసి ఇచ్చాడు. అప్పటికే ఊపిరితిత్తుల కేన్సరు. ఆ సినిమా వచ్చిన కొద్ది వారాలకే, ఆగస్టు 26న, గొంతులో రక్తస్రావమై 47 ఏళ్ళకే కన్నుమూశాడు.

ప్రశ్న: మొదట ఏది చూడాలి? అన్నీ దొరుకుతాయా? (డాలస్, అమెరికా)

దొరకవు. 150కి పైగా సినిమాల్లో ఎక్కువభాగం పోయాయి. ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ చివరి కాపీ 1965లో ఎంజీఎం స్టూడియో గోదాము మంటల్లో కాలిపోయిందంటారు. ఇప్పుడు స్టిల్ ఫొటోలతో కూర్చిన రూపమే ఉంది. ‘ఫాంటమ్’ చూస్తే ఒక మాట గుర్తుంచుకోండి. శుభ్రంగా కనిపించే కాపీలు సాధారణంగా 1929లో తిరిగి కత్తిరించి విడుదల చేసినవి, 1925 నాటి కథాక్రమం వాటిలో కొంత మారింది. మనుషులు గబగబా తుళ్ళుతూ నడుస్తుంటే ఆ కాపీని వదిలేయండి, వేగం తప్పుగా పెట్టారని అర్థం.

మా సలహా అయితే 1927 నాటి ‘ది అన్‌నోన్’. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్. చేనీ పాత్ర సర్కస్‌లో చేతుల్లేనివాడిగా నటిస్తూ, చేతులు బిగించి కట్టుకుని దాచుకుంటాడు. మగవాళ్ళ చేతులంటే భయపడే అమ్మాయి కోసం నిజంగానే చేతులు తీయించుకుని తిరిగొస్తాడు. అప్పటికి ఆమె భయం పోయింది, ఇంకొకడి చేతుల్లో ఉంది. ఆ కబురు వింటూ చేనీ నవ్వు మొదలుపెడతాడు. నవ్వు ఆగదు, కళ్ళు మాత్రం నవ్వడం మానేస్తాయి, పెదవులు అలాగే సాగి ఉండగా మెడనరాలు బిగుస్తాయి. ముఖం మీద దూదీ లేదు, కొలోడియనూ లేదు. కాలివేళ్ళతో పనులు చేసే దగ్గరి షాట్లలో కాళ్ళు మాత్రం నిజంగా చేతుల్లేని ఒక కళాకారుడివి. వాటిని చేనీ భుజాల కదలికతో ఎంత బాగా అతికించారో రెండోసారి చూసినప్పుడు పట్టుకోండి.